బడ్గాము వీరుడు

మా పెద్దకుమారునకు మొన్నటి శ్రావణమాసముతో పదేండ్లు నిండినవి. ఒకనాటి సాయంకాలము వాడు బడినుండి వచ్చి, పుస్తకముల సంచియైనను దింపక, మా చేతికొక కాగితము నందిచ్చెను. విజయనగరము జిల్లాలోని కోరుకొండ సైనిక పాఠశాలయందు ఆఱవతరగతి ప్రవేశమునకై జరుగు పరీక్షను గూర్చిన వివరము లందుండెను. తండ్రిగారు బడిలోనే దానిని వాని కిచ్చి, "మీ అమ్మ సరే యనినగాని నేను దరఖాస్తు పంపను" అని చెప్పిరట. వాడు మా మొగమువంకనే చూచుచు నిలుచుండెను. సరే యను మాట మా నోట రాలేదు. "ముందు కాళ్లు కడుగుకొని అన్నము తిను, తరువాత చూతము" అని లోపలికి పోతిమి.

సోదరీమణులారా! ఆ రాత్రి మాకు నిద్రపట్టలేదు. సూర్యాపేట బిడ్డడైన కర్నలు సంతోష్‌బాబుగారు చదువుకొన్నది ఆ కోరుకొండ పాఠశాలలోనే. 2020వ సంవత్సరము జూన్ 15వ తేదీ రాత్రి లడఖ్‌లోని గాల్వన్ లోయలో ఆయనతో గలిపి ఇరువదిమంది భారతసైనికులు ప్రాణములు గోల్పోయిరి. మరుసటి సంవత్సరము నవంబరులో రాష్ట్రపతి భవనమున మహావీరచక్రమును స్వీకరించుటకు ఆయన తల్లిగారును, భార్యయు పోయిరి. కుమారుని మరణవార్త తెలిసిన దినముననే ఆ తల్లి, దేశముకొఱకు ప్రాణ మిచ్చినందులకు గర్వముగా నున్నదనియు, తల్లినగుటచే దుఃఖముగా నున్నదనియు చెప్పిరి. ఆ రెండు మాటలలో మొదటిదానిని లోకమంతయు పలుమాఱు చెప్పుకొన్నది. రెండవది మా చెవిలో నిలిచిపోయినది.

మేము బడికిపోయి చదివినది లేదు. మా తాతగారు వీధియరుగుపై కూర్చుండబెట్టి భారత భాగవతములు చెప్పిరి. పర్వమునకును పర్వమునకును నడుమ విశ్రాంతిగా కథలు చెప్పెడివారు. వానిలో ఖడ్గతిక్కన కథ యొకటి. యుద్ధమునుండి వెనుదిరిగి వచ్చిన తిక్కనకు ఆయన యిల్లాలు ఆడుదానికివలె మంచ మడ్డము పెట్టి, నీళ్లు తోడి, పసుపుముద్ద యుంచినదట. తల్లి విఱిగిన పాలు వడ్డించినదట. ఆ సిగ్గు భరింపజాలక ఆయన మరల కదనమునకేగి అచ్చటనే మడిసెనని కథ. పదేండ్లప్రాయమున ఆ కథను మేము చప్పట్లు కొట్టుచు వింటిమి. పదేండ్ల కొడుకు గల తల్లులమై తలచుకొన్నపుడు, ఆ పాలు వడ్డించిన చేతి వణకు మాకు కనబడుచున్నది. అంతియకాదు, ఒక సందేహము కూడ కలుగుచున్నది. సిగ్గువలన పుట్టిన ధైర్యము ఎంతటిది? ఎవ్వరును నిందింపనిచోట, వెనుక నుండిపోవుటకు చక్కని కారణము చేతనున్నచోట, తనంతట తానుగ ముందునకు నడచినవా డెవడైన నున్నాడా?

ఈ మాట మావారితో అనగా వారు నవ్వి, "చేయి విఱిగినవాని కథ యొకటి యున్నది, చదివి చూడు" అని బడి గ్రంథాలయమునుండి రెండు మూడు పుస్తకములు తెచ్చి యిచ్చిరి. వంటయింటి పని ముగిసిన పిదప కొన్ని రాత్రులు వానిని చదివితిమి. చదివినది మన సోదరీమణులతో చెప్పుకొనవలెననిపించి ఈ వ్యాసమును వ్రాయుచున్నాము.

ముందుగా పతకమును గూర్చి చెప్పవలెను. ఏలయన, భారతదేశమున యుద్ధరంగమందలి శౌర్యమున కీయబడు పురస్కారములలో అత్యున్నతమైన పరమవీరచక్రమునకు రూపకల్పన చేసినది ఒక గృహిణి. ఆమె పుట్టుక మన దేశమున కాదు. స్విట్జర్లండులోని న్యూషాటెల్ నగరమున 1913వ సంవత్సరము జులై 20వ తేదీన ఆమె జన్మించెను. ఈవ్ అని తలిదండ్రులు పేరుపెట్టిరి. తండ్రి హంగేరీ దేశీయుడు, తల్లి రష్యా దేశీయురాలు. ఆంగ్లదేశమున సైనికవిద్య నభ్యసించుచు సెలవులకు వచ్చిన విక్రమ్ రాంజీ ఖానోల్కర్ అను మహారాష్ట్ర యువకునితో ఆమెకు పరిచయము కలిగినది. కొన్నియేండ్ల కామె సముద్రములు దాటి వచ్చి, 1932లో లక్నో నగరమున ఆయనను వివాహమాడి సావిత్రీబాయి యయ్యెను. పేరు మార్చుకొనుటతో నామె తృప్తి నొందలేదు. మరాఠీ, హిందీ, సంస్కృతము నేర్చెను. వేదోపనిషత్తులు, పురాణములు చదివెను. తన చీరకట్టును, తన పూజను, తన భోజనమును ఈ దేశపు రీతికే మలచుకొన్నది.

స్వాతంత్ర్యము వచ్చిన పిమ్మట మన సైన్యమునకు మన పతకములు కావలసివచ్చినవి. ఆ పని చూచుచుండిన మేజర్ జనరల్ హీరాలాల్ అటల్‌గారు, ఆమె పాండిత్య మెఱిగి, చిత్రించి యిమ్మని సావిత్రీబాయి నడిగిరి. ఆమె మనస్సు వెంటనే దధీచిమహర్షి కడకు పోయినది.

వృత్రాసురుని చంపుటకు దేవతలయొద్ద ఆయుధము లేదు. తపశ్శక్తిచే గట్టిపడిన దధీచి యెముకలతో చేసిన ఆయుధమే కావలెనట. దేవతలు పోయి యాచించిరి. ఆయన యోగమున శరీరము విడిచి ఎముక లిచ్చెను. విశ్వకర్మ వానితో వజ్రాయుధము చేసెను. ఏర్చూరి సింగన తెనిగించిన భాగవత షష్ఠస్కంధమున ఈ కథను మేము తాతగారికడ చదువుకొంటిమి. దధీచి యుద్ధము చేసినవాడు కాడు, ఎవరిని ద్వేషించినవాడు కాడు. తనయొద్ద నున్నది అడిగినవారికి ఇచ్చినవాడు. యుద్ధవీరుల కిచ్చు పతకమునకు చంపినవాని గుర్తు గాక ఇచ్చినవాని గుర్తు ఎన్నుకొనుటలోనే ఆ తల్లి హృదయము తెలియుచున్నది.

పతకము చూచుటకు చిన్నదే. అంగుళమున్నరకంటె కొంచెము తక్కువ అడ్డుకొలత గల గుండ్రని బిళ్ల. బంగారము కాదు, వెండి కాదు, కంచు. నడుమ రాజ్యచిహ్నము, దాని చుట్టును నాలుగు వజ్రాయుధములు. వెనుకవైపున పతకము పేరును, రెండు తామరపూవులును. వ్రేలాడదీయు పట్టీ ఊదావర్ణము. 1950వ సంవత్సరము జనవరి 26వ తేదీన, గణతంత్రదినమున, ఈ పురస్కారము స్థాపింపబడినది. అయినను 1947 ఆగస్టు 15వ తేదీనుండి చేసిన సాహసములకు కూడ వర్తించునట్లు నిర్ణయించిరి. దానిని మొదట పొందినవాడు మేజర్ సోమనాథశర్మ. అతడు సావిత్రీబాయి పెద్దకుమార్తె కుముదినీదేవికి స్వయముగా భర్త యన్నగారు. ఆమె చిత్రించిన వజ్రాయుధము ఆమె వియ్యాలవారి యింటికే మొదట చేరినది. దైవఘటన యని మేమందుము.

సోమనాథశర్మ 1923వ సంవత్సరము జనవరి 31వ తేదీన, నేటి హిమాచలప్రదేశమునకు చేరిన కాంగ్డా ప్రాంతమున జన్మించెను. తండ్రి అమరనాథశర్మగారు సైనికవైద్యుడు. మేజర్ జనరల్ పదవివఱకు వచ్చినవారు. తమ్ములిరువురును సైన్యమున చేరి పెద్దపదవు లందిరి. వారిలో విశ్వనాథశర్మగారు 1988 మొదలు 1990 వఱకు భారత స్థలసేనాధిపతిగ నుండిరి. సోదరి కమలాతివారీగారు సైన్యమందు వైద్యురాలైరి. అన్నదమ్ములతో సమానముగ ఆడుబిడ్డయు సేవకు పోయిన యిల్లది. ఆ యింటిలో పిల్లలకు తాతగారు భగవద్గీత చెప్పెడివారు. మా యరుగుమీది తాతగారు మాకు జ్ఞప్తికి వచ్చుటకు ఆ యొక్క మాట చాలును.

ఈ కథలో మన తెలుగువారికి చేరువైన ముక్క యొకటి కలదు. 1942 ఫిబ్రవరిలో సోమనాథుడు అధికారిగ చేరినది 19వ హైదరాబాదు రెజిమెంటులోని ఎనిమిదవ పటాలమున. హైదరాబాదు నిజాము రాజ్యమున పూర్వము నెలకొల్పిన సైన్యమునుండి పెరిగి వచ్చిన రెజిమెంటది. కాలక్రమమున అందు కుమావూ కొండల జవాను లెక్కువైనందున 1945లో దాని పేరు కుమావూ రెజిమెంటుగ మారినది. సోమనాథుని మేనమామ కెప్టెన్ కృష్ణదత్త వాసుదేవ కూడ ఈ రెజిమెంటువాడే. ఆయన 1942లో మలయా దేశమున జపానువారితో పోరి మరణించెను. మేనల్లుడు అదే సంవత్సరము అదే రెజిమెంటున చేరెను. ఆ యింటి తల్లి, ఒక యేడాదిలో తమ్ముని పోగొట్టుకొనియో అన్నను పోగొట్టుకొనియో, కొడుకు నదే త్రోవను పంపినది. ఆమె యేమనుకొన్నదో ఏ పుస్తకమును వ్రాయలేదు. తల్లుల మాటలను వ్రాసిపెట్టువారు తక్కువ.

రెండవ ప్రపంచయుద్ధకాలమున సోమనాథుడు బర్మాలోని అరకాను ప్రాంతమున పోరెను. అప్పుడాయన పటాలమునకు నాయకుడు, పిమ్మట భారత స్థలసేనాధిపతి యైన తిమ్మయ్యగారు. ఒకమాఱు సోమనాథుని సేవకు డైన బహదూరు అను జవాను దెబ్బతిని నడువలేకపోయెను. సోమనాథుడు అతనిని భుజముల కెత్తుకొని నడువసాగెను. బరువుచే వెనుకబడుట చూచి, అతనిని దింపి త్వరగా రమ్మని తిమ్మయ్యగారు ఆజ్ఞాపించిరట. ఇతడు నా మనిషి, దెబ్బతిన్నవాడు, వదలి రాను అని సోమనాథుడు బదులు చెప్పి, అట్లే మోసికొని వచ్చి అతని ప్రాణమును కాపాడెను. సేవకుడు యజమానిని మోయుట లోకమున చూచితిమి. యజమాని సేవకుని మోసిన యీ చిన్నకథలోనే రాబోవు పెద్దకథకు బీజ మున్నది.

ఇక 1947వ సంవత్సరమునకు వత్తము. దేశము రెండుగా చీలినది. కాశ్మీర సంస్థానము ఎటును చేరక యుండెను. అక్టోబరు 22వ తేదీన పాకిస్తానువైపునుండి ఆయుధపాణులైన గిరిజన లష్కరులు సంస్థానములోనికి చొచ్చుకొనివచ్చి, బారాముల్లా పట్టణమును దోచి, శ్రీనగరముమీదికి నడచిరి. 26వ తేదీన మహారాజా హరిసింగు భారతదేశమున చేరుటకు సంతకము చేసెను. మరునాటి యుదయమే సిక్కు పటాలము విమానములలో శ్రీనగరమున దిగినది. దాని నాయకుడు దీవాన్ రంజిత్‌రాయ్‌గారు దిగిన రెండునాళ్లలోనే బారాముల్లా త్రోవలో మరణించిరి. పఠానుకోటనుండి కొండలమీదుగా పోవు త్రోవ మిక్కిలి దీర్ఘము, దుర్గమము. త్వరగా సైన్యమును చేర్చుటకు విమానములే గతి. శ్రీనగర విమానాశ్రయము శత్రువుల చేత జిక్కినచో ఆ లోయ యంతయు వారిదైనట్లే. ఆ చిన్న మైదానముమీద అన్ని ప్రాణములును ఆనియుండినవి.

ఆ దినములలో సోమనాథుని ఎడమచేయి పిండికట్టులో నుండెను. హాకీ యాడుచు పడి ఎముక విరుగగొట్టుకొనెను. కట్టు విప్పువఱకు కదలవలదని వైద్యులు చెప్పిరి. తన దళము కాశ్మీరమునకు పోవుచున్నదని తెలిసి, తనవారిని ఒంటరిగా పంపి తాను మంచముమీద నుండజాలనని ఆయన పైవారిని వేడుకొనెను. పలుమాఱు వేడుకొనిన పిమ్మట అనుమతి దొరకినది. నాలుగవ కుమావూ పటాలములోని 'డి' దళముతో ఆయన అక్టోబరు 31వ తేదీన శ్రీనగరమున దిగెను.

సోదరీమణులారా, ఇచ్చట మేము పుస్తకము మూసి కొంతసేపు కూర్చుంటిమి. మా సందేహమునకు బదులు ఇచ్చటనే దొరకినది. ఆయన ఢిల్లీలో నిలిచిపోయినచో ఎవరు తప్పుపట్టుదురు? వైద్యుని మాట యున్నది, కట్టు అందఱకును కనబడుచున్నది. భార్య యెదుట పసుపుముద్ద పెట్టినది లేదు. ఆయన కప్పటికి వివాహమే కాలేదు. తల్లి విఱిగిన పాలు పోసినది లేదు. అందఱును "పాపము, చేయి బాగుపడనీ" అని జాలిపడియుందురు. ఆ జాలిని ఆయన త్రోసివేసెను.

నవంబరు 3వ తేదీ యుదయమున, విమానాశ్రయమునకు కొలదిమైళ్ల దూరముననున్న బడ్గాము గ్రామమువైపునకు మూడు దళములను పంపిరి. శత్రువులెచ్చటనున్నారో వెదకి తెలిసికొనుట వారి పని. ఉదయమంతయు చూడగా శత్రుజాడ కానరాలేదు. మధ్యాహ్నమునకు రెండు దళములను వెనుకకు పిలిచిరి. సోమనాథుని దళమును మాత్రము మరికొంతసేపు ఉండుమనిరి. రెండున్నర దాటినది. అప్పుడు బడ్గాములోని కొన్ని యిండ్లలోనుండి తుపాకులు ప్రేలినవి.

ఆ యిండ్లలో గ్రామస్థులు కూడ నుందురు, పిల్లలుందురు. ఇండ్లవైపు తిరిగి కాల్చినచో నిరపరాధులు చత్తురని తలచి, సోమనాథుడు ఆవైపున ఎదురుకాల్పులు జరుపనీయలేదు. ఆ సంగతిని బ్రిగేడు కార్యాలయమునకు తెలిపెను. ఆయన శౌర్యమును గూర్చి వ్రాయువారు తక్కిన సంగతులను విరివిగా వ్రాసి దీనిని ఒక్క వాక్యమున దాటిపోవుదురు. మాకు మాత్రము ఈ ఆగుటయే ఆనాటి మొదటి సాహసముగ తోచుచున్నది. తనవారిపై గుండ్లు పడుచుండగా, తుపాకి చేతనుండగా, ఒక యింటిలో ఎవరో తల్లి బిడ్డ నెత్తుకొని మూల దాగియుండునని తలచి వ్రేలు వెనుకకు తీయుట సామాన్యము గాదు.

ఇంతలో అసలు దండు మీదికి వచ్చినది. ఆయన కిచ్చిన ప్రశంసాపత్రమున దాని సంఖ్య సుమారు 500 అని యున్నది. ఒక్కరికి ఏడుగురు చొప్పున, మూడు ప్రక్కల చుట్టుముట్టిరి. మోర్టారు గుండ్లును, మరతుపాకి గుండ్లును వానవలె కురిసినవి. దళమున ఒక్కొక్కరుగా కూలుచుండిరి. తాము తొలగినచో నడుమ అడ్డేమియు లేదనియు, శత్రువు తిన్నగా విమానాశ్రయమునకు పోవుననియు సోమనాథునకు తెలియును. సాయము వచ్చువఱకు కొన్ని గంటలు కావలెను. ఆ గంటలను తన దళము ఇయ్యవలెను.

ఆయన మఱుగులేని పొలములకడ్డముగా పరుగెత్తుచు, ఒక గుంపునుండి మఱొక గుంపునకు పోయి తనవారికి ధైర్యము చెప్పెను. ఎచ్చటికి కాల్చవలెనో చూపెను. మన విమానములు పైకి వచ్చినవి. గాని, వానికి తనవారెవరో శత్రువులెవరో తెలియదు. నేలమీద గుడ్డపట్టీలు పఱచి గుర్తు చూపవలెను. శత్రువులు చూచుచుండగనే ఆయన స్వయముగ పోయి వానిని పఱచెను. ఒంటిచేతితో గుడ్డ పఱచుట ఎంత కష్టమో మడిబట్ట లారవేయు మనకు తెలియనిది కాదు. గాలిలో ఆ పని చేయుటయే దుర్లభము. ఆయన గుండ్లలో చేసెను.

జవానులు పడిపోగా మరతుపాకులకు తూటాలు నింపి యిచ్చువారు కరవైరి. అప్పుడా మేజరు, దళమునకు నాయకుడు, నేలమీద కూర్చుండి తన మంచిచేతితో తూటాలు నింపి, తుపాకివారి కందించుచు వచ్చెను. కొట్టుట కాదు, కొట్టువానికి అందించుట. అది నాయకుని పని గాదు; ఇంటిలో మనము చేయుపని వంటిది. ఎవరును చూడరు, ఎవరును పొగడరు. గాని, అది లేనిది ఏదియు సాగదు. ఆ పనిలోనుండియే ఆయన బ్రిగేడునకు కడపటి వార్త పంపెను. శత్రువు 50 గజముల దూరమున నున్నాడనియు, తమకంటె సంఖ్యలో మిక్కిలి యెక్కువ యనియు, అయినను అంగుళమైన వెనుకకు తగ్గక కడపటి మనిషివఱకు, కడపటి తూటావఱకు పోరుదుమనియు ఆ వార్త సారాంశము. అది పంపిన కొన్ని క్షణములకు ఒక మోర్టారు గుండు వచ్చి ఆయన ప్రక్కనున్న తూటాల రాశిమీద పడెను. రాశి యంతయు ప్రేలెను. సోమనాథుడు మరణించెను. ఆయనకు వయస్సు ఇరువదినాలుగేండ్లు.

నాయకుడు పడినంతనే దళము చెదరిపోవలెను. ఆ దళము చెదరలేదు. ఆయన పోయిన పిదప ఆఱు గంటలవఱకు ఆ జవానులు పోరి నిలిచిరని ప్రశంసాపత్రము చెప్పుచున్నది. ఇరువదిమందికి పైగా అచ్చటనే ప్రాణములు విడిచిరి. వారిలో అనేకుల పేరులు మనలో ఎవరికిని తెలియవు. కుమావూ కొండలలో వారి యిండ్లుండెను, వారికిని తల్లు లుండిరి. వారు సంపాదించి యిచ్చిన ఆ కొన్ని గంటలలో విమానములమీద సైన్యము వచ్చి దిగినది. విమానాశ్రయము నిలిచినది. నాలుగు దినములకు, నవంబరు 7వ తేదీన, షాల్‌టెంగ్ వద్ద మన సైన్యము లష్కరులను ఓడించి, మరునాడు బారాముల్లాను తిరిగి పట్టుకొన్నది.

బడ్గాము మరల మన సైన్యము చేతికి వచ్చిన పిదప, మూడవనాడు సోమనాథుని దేహము దొరకినది. ఆనవాలు పట్టరాని స్థితిలో నుండెను. నడుమునకు కట్టిన తోలు తుపాకిసంచిని బట్టియు, రొమ్ముజేబులోనున్న భగవద్గీత పుటలను బట్టియు ఆయనయే యని తెలిసికొనిరి.

ఈ భాగమును మేము పిల్లవానికి చదివి వినిపింపలేదు. తక్కిన దంతయు చెప్పితిమి. వాడు విని, "అమ్మా! ఆయనకు భయము వేయలేదా?" అని అడిగెను. దీనికి బదులు సోమనాథుడే యిచ్చియున్నాడు. యుద్ధమునకు పోవుకాలమున తలిదండ్రులకు వ్రాసిన యొక లేఖలో ఆయన, తన ముందున్న కర్తవ్యమును తాను చేయుచున్నాననియు, మృత్యుభయము క్షణకాలము కలుగుననియు, గీతలో కృష్ణుడు చెప్పిన మాట తలచుకొన్నంతనే అది తొలగుననియు వ్రాసెను. "వేసినది నాయనా, కాని, ఒక్క క్షణము" అని మేము చెప్పితిమి. వాడు ఆలోచించి, "ఒక్క క్షణమైతే నేను కూడ ఓర్చుకొందును" అనెను. మాకు నవ్వును ఏడుపును ఒక్కమాఱు వచ్చినవి.

పరమవీరచక్రమును సోమనాథుని తండ్రిగారు స్వీకరించిరి. నేటివఱకు దానిని పొందినవారు 21 మంది మాత్రమే. అందు 14 మంది మరణానంతరమే పొందిరి. 2023వ సంవత్సరము జనవరి 23వ తేదీన అండమాను ద్వీపములలో అప్పటివఱకు పేరులేని 21 ద్వీపములకు ఆ వీరుల పేరులు పెట్టిరి. సోమనాథుని పేరును అందొకదానికి నిలిచినది. పతకమును రూపించిన సావిత్రీబాయి 1952లో భర్తను కోల్పోయి, తక్కిన జీవితమును ఆధ్యాత్మిక సాధనయందు గడపి, 1990 నవంబరున కన్నుమూసెను.

మేము చదివినది మా హృదయమున ఏమి నిలిపినదో రెండు మాటలు చెప్పి ముగించెదము.

వీరమాత యనగా కొడుకును రణమునకు త్రోయునది యని ఇన్నాళ్లు కథలలో విని యుంటిమి. అట్టి మాతలము కాము, కాజాలము. గాని, సోమనాథుని కథలో తల్లి చేయదగినది వేఱుగ నున్నట్లు తోచినది. దెబ్బతిన్న తోడివానిని దింపి రావద్దని చెప్పుట, ఎదుటి యింటిలో బిడ్డలుందురని తలచుకొమ్మనుట, సాకు చేతనున్నను తన పని తాను చేయుట, చిన్నపనికి సిగ్గుపడకుండుట. ఇవి నేర్పుటకు రణరంగ మక్కఱలేదు. వంటయిల్లు చాలును, వీధియరుగు చాలును. ఇవి నేర్చిన బిడ్డ సైనికుడైనను, ఉపాధ్యాయుడైనను, సేద్యగాడైనను లోకమునకు పనికివచ్చును. ఇవి నేర్వని వానిచేతికి తుపాకి నిచ్చుటయే మనము నిజముగ భయపడవలసిన సంగతి.

ఇంకొకటి. దుఃఖించు తల్లిని ధైర్యము లేనిదని యెవరును తలంపరాదు. సూర్యాపేట తల్లి గర్వమును దుఃఖమును ఒక్క నోట చెప్పినది. ఒకటి రెండవదానిని చెఱుపదు. వీరుల కథలు చెప్పుకొనునపుడు పతకముమీది వజ్రాయుధమునే గాక, ఆ యెముకల నిచ్చిన యింటిని కూడ మనము తలచుకొనవలెను.

ఆదివారము ఉదయమున మావారు కాగితములు ముందు పెట్టుకొని కూర్చుండి, మావంక చూచిరి. పిల్లవాడు తలుపుచాటున నుండెను. మా చిన్నది, ఏడేండ్లది, "ఆడపిల్లలను చేర్చుకొనరా?" అని అడిగెను. 2021వ సంవత్సరమునుండి దేశమందలి సైనిక పాఠశాలలలో బాలికలకు కూడ ప్రవేశమున్నదని తండ్రిగారు చెప్పగా, అది అన్నకంటె ముందుగా గంతులువేసెను. ఒక్కరిని గూర్చి సరే యనలేకుండిన మాకు ఇప్పుడిద్దఱైరి.

భయము క్షణకాలము కలుగునని ఆ వీరుడే వ్రాసియున్నాడు గదా. మాకును కలిగినది. అది తొలగువఱకు కొంచెము నిలిచి, "సరే, పంపుడు" అంటిమి.